పద్నాలుగో మంచం మీది గుండె

నన్ను వెనకాల అందరూ "నిమిషం సిస్టరు" అంటారు. ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి నేనూ విననట్టే ఉంటాను. గుండె వేగం తగ్గించే మాత్ర ఒకటుంది. అది ఇచ్చేముందు రోగి మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ, నిండా ఒక నిమిషం నాడి లెక్కపెట్టాలి. అరవైకి తగ్గితే మాత్ర ఆపి డాక్టరుకి చెప్పాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసే పిల్లలు నా చేత ముప్పై ఏళ్లుగా తిట్లు తింటూనే ఉన్నారు. తడబడే గుండె పదిహేను సెకన్లయితే తన తడబాటు దాచుకోగలదు. నిమిషం పాటు దాచుకోలేదు.

నా పేరు హెప్సీబా. కాకినాడలో సముద్రం వైపున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో మగవాళ్ల వార్డుకి హెడ్‌నర్సుగా చేశాను. కొత్తగా చేరే నర్సుల చేత చదివించడానికి, పద్నాలుగో మంచం దగ్గర జరిగింది జరిగినట్టు రాయమన్నారు. రాస్తున్నాను. నాకు అనుకూలంగా రాసుకోవడం చేతకాక కాదు, ఇష్టం లేదు.

ఆ పరుపులు తెచ్చింది మంజీర. ముప్పై రెండేళ్ల పిల్ల, ఇంజనీరు. మూడో అంతస్తులో ఆమె ప్రయోగశాల. పరుపుకి ఆమె పెట్టిన పేరు కనురెప్ప. మా ఆయాలు మాత్రం మొదటి రోజు నుంచీ చదివే పరుపు అనే అన్నారు.

"ఒక్కసారి పడుకోండి సిస్టర్ గారూ," అంది మొదటి రోజు.

"డ్యూటీలో పడుకునే అలవాటు నాకు లేదమ్మా."

"రెండే రెండు నిమిషాలు."

చెప్పులు విడిచి పడుకున్నాను. దుప్పటి కింద ఆవగింజలంత పరికరాలు వేలకొద్దీ ఉన్నాయట, ఒక్కటీ ఒంటికి తగల్లేదు. అవి వీపులోంచి గుండె చప్పుడు వింటాయి, ఊపిరి లెక్కపెడతాయి, బరువు తూస్తాయి. అన్నీ కలిపి సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెబుతాయి. ఇప్పుడెలా ఉన్నాడన్నది కాదు ఆ అంకె, రాబోయే ఎనిమిది గంటల్లో ఏమవుతాడన్నది. అయిదు దాటితే గంట మోగుతుంది.

నాకు రెండు వచ్చింది. "ఎడమ మోకాలు నొప్పి. రాత్రి నిద్ర చాలలేదు. సాయంత్రానికి తలనొప్పి రావచ్చు," అని చదివింది మంజీర.

"జాతకం కూడా చెబుతుందా మీ పరుపు?" అని నవ్వి వచ్చేశాను. నాలుగింటికి తలనొప్పి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

పరుపుకి ముందు నేర్పాలి. నేర్పింది నేను. ఏడాది పాటు రోజూ ఉదయం పదింటికీ సాయంత్రం నాలుగింటికీ ముప్పై మంచాల దగ్గరా నేను నాడి పట్టుకుని చెప్పిన అంకెనీ, పరుపు చెప్పిన అంకెనీ మంజీర పక్కపక్కన రాసుకునేది. నాడి, ఊపిరి, కాళ్ల వాపు, పెదాల రంగు, అన్నీ నా నోటి నుంచే. రాత్రికి రాత్రి బరువు పెరిగితే అది కొవ్వు కాదనీ ఒంట్లో నీరనీ నేనే చెప్పాను. నా అంకె పక్కన లేని అంకె పరుపుకి పనికిరాదట. వినడానికి ఎంత బాగుందో చెప్పలేను. నేను పోయాక కూడా నా చేతివేళ్లు ఈ వార్డులో ఉంటాయి కదా అనుకున్నాను. అది గర్వం. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మన వార్డుల్లో మధ్యాహ్నం పూట మంచం మీద ఉన్నది రోగి అని ఎవరూ పందెం కాయకూడదు. తోడుగా వచ్చిన మనిషి నడుం వాలుస్తుంది, రోగి కింద చల్లటి గచ్చు మీద చాప వేసుకుంటాడు. కొందరికి పరుపు మెత్తదనం పడదు, కొందరికి ఫ్యాను గాలి పడదు, కొందరికి పెళ్లాం కింద పడుకుంటే మనసొప్పదు. రూలు ప్రకారం తప్పు. ముప్పై ఏళ్లుగా నేను చూసీ చూడనట్టు వదిలేశాను, ఎందుకంటే వాళ్లు మనుషులు.

కానీ మంజీర బృందం రావడానికి పావుగంట ముందు మాత్రం వార్డు మధ్యలో నిలబడి అరిచేదాన్ని. "లేవండి, లేవండి! ఎవరి మంచం వాళ్లు ఎక్కండి! చాపలు చుట్టెయ్యండి! తోడొచ్చినోళ్లు బయటికి!" పెద్ద డాక్టర్ల రౌండుకి ఎలా సర్దుతామో ఈ ఇంజనీర్లకీ అలాగే సర్దాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. ఏడాదిలో ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆ పిల్ల ముందు నా వార్డు అద్దంలా ఉండాలని నా పంతం.

ఏడాది తరవాత పరీక్ష పెట్టారు. ప్రమాదంలో పడబోయే ముగ్గురిని పరుపు నాకంటే ముందే పట్టింది. చప్పట్లు కొట్టారు. వార్డులో తొమ్మిది మంది నర్సులుండేవారు, నలుగురయ్యాం. మిగతావాళ్లని వేరే చోట్లకి పంపారు. గోడకి కొత్త కాగితం అంటించారు: పరుపు అంకె ఉండగా చేత్తో నాడి చూడనవసరం లేదు, రోగిని నిద్ర లేపవద్దు. కింద నా సంతకం కూడా ఉంది. బలవంతంగా పెట్టించలేదు, నేనే పెట్టాను.

మైలపల్లి నూకరాజు జూన్‌లో వచ్చాడు. అరవై నాలుగేళ్లు, సముద్రం మీద వేటకి వెళ్లే మనిషి. జ్వరం, దగ్గు, కుడి ఊపిరితిత్తిలో నెమ్ము. కూడా భార్య పోలమ్మ. చేపల బుట్ట మోసి మోసి మెడ కొంచెం ముందుకు వంగింది, మాట మాత్రం నిటారుగా ఉండేది.

"అమ్మా, ఈ పరుపు మీద ఈయనకి నిద్దర పట్టదు. పుట్టినకాడ్నుంచీ పడవ చెక్క మీద పడుకున్న మడిసి," అంది మొదటి రోజే, నవ్వుతూ.

"అలవాటవుతుందిలే," అన్నాను. నేను తల తిప్పగానే ఏం చేస్తారో నాకు తెలుసు. తెలిసే తల తిప్పాను.

మూడో రోజుకి జ్వరం తగ్గింది. కానీ పరుపు అంకెలు చూపించే కంప్యూటరు తెర మీద కొత్త సంగతి కనబడింది. ఉదయం గుండె గడియారంలా కొట్టుకుంటోంది, మధ్యాహ్నమూ రాత్రీ లయ తప్పి తొంభై, నూటపది మధ్య గెంతుతోంది. పైగా సాయంత్రానికల్లా మూడు కిలోల బరువు పెరుగుతోంది, తెల్లారేసరికి తగ్గుతోంది.

డాక్టర్ ఉదయభాస్కర్ మంచి డాక్టరే. ఉదయం రౌండులో స్టెతస్కోపు పెట్టి విన్నాడు, బాగానే ఉంది. తెర చూశాడు. "వచ్చిపోయే దడ ఇది. రోజుకి ఒక్కసారి వినే నా చెవికి ఎలా దొరుకుతుంది చెప్పండి! ఈ పరుపు లేకపోతే తప్పిపోయేది సిస్టర్," అన్నాడు.

నా చేతులు నేర్పిన పరుపు. నాకు సంతోషమే వేసింది. గుండె వేగం తగ్గించే మాత్ర రాశాడు, ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా రాశాడు. రెండు రోజులైనా మధ్యాహ్నం గుండె వేగం దిగలేదు. మాత్ర మోతాదు పెంచాడు. మళ్లీ దిగలేదు, మళ్లీ పెంచాడు. ఉదయం పూట నాడి యాభైల్లోకి వస్తోంది, కానీ అది మాత్ర వేళ కాదు. మాత్ర మధ్యాహ్నం రెండింటికి. ఆ వేళకి తెర తొంభై ఆరు అంటుంది. సువార్త అని కొత్త పిల్ల, ఉద్యోగంలో చేరి అయిదు నెలలు. తెర చూసేది, మాత్ర ఇచ్చేది, రాసుకునేది. గోడ మీది కాగితం అదే చెయ్యమంది మరి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండున్నర. మందుల అలమార తాళం కోసం పద్నాలుగో మంచం పక్కనుంచి వెళుతున్నాను. నూకరాజు కింద చాప మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పక్కన అన్నం పళ్లెం, ముట్టలేదు. మంచం మీద పోలమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"తినలేదేం పెద్దాయనా?"

"సయించట్లేదమ్మా. వాంతొత్తన్నట్టుంది." గోడ వైపు చూశాడు. "అమ్మా, గోడలకి పసుపు రాసేరేటి? పండగేటన్నా ఉందా?"

ఆ గోడలు తెల్లవి. ఆ గుండె మాత్ర ఒంట్లో ఎక్కువైతే అన్నం సయించదు, వాంతి వస్తుంది, చూసిందల్లా పసుపుపచ్చగా కనబడుతుంది. మొదటి సంవత్సరం పాఠం అది. నీరు తీసే మాత్ర కూడా తోడైతే విషం ఇంకా తొందరగా ఎక్కుతుంది. అదీ మొదటి సంవత్సరం పాఠమే.

కింద కూర్చున్నాను. మోకాలు కలుక్కుమంది. మణికట్టు పట్టుకుని గడియారం చూశాను. నలభై ఒకటి.

తలెత్తి తెర చూశాను. నూట పద్దెనిమిది.

రెండు నెలలుగా ఒక్క మణికట్టు పట్టుకోలేదు నేను. నిమిషం సిస్టరుని!

లేచి పోలమ్మ చెయ్యి పట్టుకున్నాను. రెండు గెంతులు, ఒక ఆగడం, మళ్లీ మూడు గెంతులు. తెర మీద ఉన్నది ఇదే. మూడు కిలోల నీరూ ఇదే. ఆయన కంటే ఆవిడ మూడు కిలోలు ఎక్కువ, అంతే సంగతి.

"పోలమ్మా, లే. ఈ దడ నీకు ఎన్నాళ్ల నుంచి?"

లేచి కూర్చుని చీర సర్దుకుంది, దొంగతనం దొరికినట్టు సిగ్గుపడుతూ. "తిట్టకండమ్మా, ఇప్పుడే వాలేను. దడేటి, బుట్ట మోస్తే ఎవరికైనా వత్తాది. నాకేటీ లేదు. ముందు ఆయన్ని సూడండి, అన్నం ముట్టట్లేదు."

"చూస్తాను. నీ సంగతి తరవాత చెబుతాను. ముందు దిగు."

ఆవిడ ఇంకా దిగకముందే గంట మోగింది. తెర మీద తొమ్మిది. పరుపులు వచ్చాక ఆ వార్డులో తొమ్మిది ఎప్పుడూ చూడలేదు.

"మేడం! పద్నాలుగు! తొమ్మిది!" సువార్త పరిగెత్తుకొచ్చింది. వెనకాలే డాక్టరు. కింద నూకరాజు పక్కకి ఒరిగి వాంతి చేసుకుంటున్నాడు. అందరూ ఆయన మీదికి వంగారు. పోలమ్మ మంచం దిగి పక్కకి తప్పుకుంది. పరుపు ఖాళీ అయింది, గంట ఆగిపోయింది.

"మాత్ర ఆపండి, నాడి నలభై ఒకటి, తెర మీదిది ఈయనది కాదు," అని అరిచాను. స్ట్రెచరు తెచ్చారు. ఇంటెన్సివ్ కేర్ తలుపు దాకా పోలమ్మ మాతో పాటు వచ్చేసింది, ఒక చేతిలో ఆయన తువ్వాలు, ఇంకో చేతిలో ఫ్లాస్కు.

"ఇక్కడ బెంచీ మీద కూర్చో. కదలకు," అన్నాను.

"ఆయనకేటవదు గదమ్మా?"

"ఏం కాదు."

ఇదే ఆవిడతో నా ఆఖరి మాట.

లోపల మూడు గంటలు పట్టింది. ఒకసారి ముప్పై నాలుగుకి పడింది. విరుగుడు మందు పక్క ఆసుపత్రి నుంచి తెప్పించారు. నేను ఆయన మణికట్టు వదల్లేదు, తెర ఉన్నా వదల్లేదు. ఆరింటికి అయిదు నిమిషాల ముందు నాడి యాభై ఎనిమిదికి వచ్చింది. "గోడలు తెల్లగయ్యాయా పెద్దాయనా?" అంటే "అవుతున్నాయి" అన్నాడు. డాక్టరు నా భుజం తట్టాడు. నవ్వుకుంటూ బయటికొచ్చాను, ఆ మాట పోలమ్మకి చెబుదామని.

బెంచీ మీద గోడకి తల ఆనించి ఉంది. ఒళ్లో తువ్వాలు, దాని మీద ఫ్లాస్కు. మూడు గంటల పాటు ఆ వరండాలో జనం ఆవిడ ముందు నుంచే తిరిగారు, నిద్రపోతోందనుకున్నారు. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. తెలిసి కూడా గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టాను.

గంట మోగింది ఆవిడకి. మోగినప్పుడు అది ఆవిడ గుండె అని ఆ వార్డులో తెలిసినది నేనొక్కదాన్నే. ఆవిడ చెయ్యి అప్పుడే వదిలాను కదా! కానీ ఆవిడకి కేస్‌షీటు లేదు, చేతికి పట్టీ లేదు, మంచం లేదు. రోగి ఆయన. నా బుర్ర కూడా అలాగే నడిచింది.

పోలమ్మ పోయిన నాలుగో రోజు మంజీర నన్ను పైకి పిలిచింది. తొమ్మిది రోజుల రికార్డు తెర మీద పరిచింది. ఆ పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పరుపుకి అనుమానం వచ్చింది సిస్టర్ గారూ. చూడండి, రోజూ మధ్యాహ్నం 'ఈ మనిషి నిన్నటి మనిషిలా లేడు' అని రాసుకుంది. కానీ ఒక మంచానికి ఒక పేరే ఇచ్చాం. ఇద్దరని చెప్పడానికి దానికి చోటు లేదు. అందుకని ఇద్దరినీ కలిపి ఒక జబ్బు మనిషిని తయారుచేసింది."

నేను తెర దగ్గరికి వంగి ఆ గుండె గీతలు చూశాను.

"నాకు అర్థం కానిది ఒక్కటే," అంది. "ఏడాది నేర్పాం. ముప్పై మంచాలు, రోజుకి రెండుసార్లు. ఒక్కసారి కూడా మంచం మీద వేరే మనిషి లేరు. ఒక్కసారి కూడా! అలాంటప్పుడు దానికి ఎలా తెలుస్తుంది?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఏమీ చెప్పకుండానే కిందికి దిగి వచ్చాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

విచారణ పెట్టారు. తొమ్మిది రోజులు మాత్ర ఇచ్చిన చెయ్యి సువార్తది. ఆ పిల్లని అప్పటికే సస్పెండు చేశారు, నర్సు రిజిస్ట్రేషన్ కూడా పోయేలా ఉంది. "నాడి చేత్తో ఎందుకు చూడలేదు?" అని అడిగారు. "చూడనవసరం లేదన్నారండి," అని ఏడ్చింది. "అవసరం లేదంటే, చూడవద్దని కాదుగా," అన్నాడు కమిటీలో ఒక పెద్దమనిషి. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

అప్పుడు లేచాను. "అయ్యా, ఆ కాగితం మీద సంతకం నాది," అన్నాను. "ఆ పరుపు నేర్చుకున్నది మా వార్డుని కాదు. మీరొస్తున్నారంటే నేను సర్దిపెట్టే వార్డుని. పావుగంట ముందు అందరినీ తరిమి, ఎవరి మంచం వాళ్లని ఎక్కించి, అప్పుడు చూపించాను. నేను అబద్ధం నేర్పాను, అది అబద్ధం నేర్చుకుంది. ఈ పిల్ల నేను నేర్పినట్టే చేసింది."

మంజీర నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. ఏడాది పాటు తనతో రోజూ టీ తాగిన మనిషిని కొత్తగా చూస్తున్నట్టుంది.

సువార్త ఉద్యోగం నిలిచింది. నన్ను వార్డు నుంచి తీసి నర్సింగ్ స్కూల్లో వేశారు. పరుపులు తియ్యలేదు. తియ్యమని నేనూ అనలేదు, తొమ్మిది అని నిజం చెప్పింది అదొక్కటే. గోడ మీది కాగితం మాత్రం చించేశారు. నాడి మళ్లీ చేత్తో, నిమిషం. మంచం మీద ఎవరున్నారో పేరు పెట్టి పిలిచి, పలికాకే మాత్ర.

నూకరాజుని ఇంటికి పంపే రోజు నా కోసం స్కూలుకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. భుజాన అదే తువ్వాలు.

"అమ్మా, ఆ పరుపులో గీతలు పడ్డాయంట గదా. మా పోలమ్మవి."

"పడ్డాయి."

"నాకిత్తారా?"

రికార్డుల గదిలో అడిగాను. గుమాస్తా కంప్యూటరు చూసి, పేరు ఆయనదే కాబట్టి అభ్యంతరం లేదన్నాడు. తొమ్మిది రోజుల పోలమ్మ గుండె, మైలపల్లి నూకరాజు అనే పేరు మీద, కాగితాల కట్టగా బయటికొచ్చింది. ఆయన కట్ట విప్పి మొదటి కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నాకు సదువు రాదు గదమ్మా. ఇదెలా కొట్టుకుంటందో సెప్పండి."

ముప్పై ఏళ్లు లెక్కపెట్టానే గాని, ఎవరికీ వినిపించలేదు. ఆయన్ని బల్ల ముందు కూర్చోబెట్టి మణికట్టు తీసుకున్నాను. ఎడమ చేతి వేలు గీత మీద పెట్టాను, కుడి చేతి వేలితో ఆయన చేతి మీద కొట్టాను. రెండు గెంతులు. ఆగడం. మూడు గెంతులు. గీత ఎక్కడ పైకి లేస్తే అక్కడ. గడియారం ముందుంది, నిండా నిమిషం.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. అయ్యాక కూడా చెయ్యి తీసుకోలేదు.

"ఇదేనమ్మా," అన్నాడు. "పక్కన పడుకుంటే ఇలాగే వినపడేది. అయిదారేళ్లుగా ఇంతే. వయసైతే అందరికీ ఇలాగే కొట్టుకుంటాదనుకున్నాను."